వేళ కాని వేళ మోగిన గంట

మీకు నమస్కారం. మీ పక్కన కూర్చుని ఇది చదివి వినిపిస్తున్న మన పెద్దమ్మాయికి దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. రెండో కన్ను ఆపరేషన్ కూడా సవ్యంగా జరిగిపోయిందని విన్నాక నా ప్రాణం కుదుటపడింది. కట్టు విప్పేదాకా కన్ను నలపకండి. మీరు నలుపుతారని నాకు తెలుసు. అవసరమైతే చేతులు కట్టేయమని అమ్మాయికి చెప్పే ఉంచాను.

ఈ ఉత్తరం ఒక్క ఊపులో రాయలేకపోతున్నాను. నాలుగు ముక్కలు రాయడం, లేవడం, గుమ్మం దాకా వెళ్ళి చూసి రావడం. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీరు అడిగినవాటికి జవాబులు.

గుడి పని మీరు చెప్పినట్టే చేస్తున్నాను. పొద్దుటి పూజకి ముందు తలుపులు తీయడం, పూజ అయ్యాక ఊడ్చి తాళం వేయడం, సాయంత్రం మళ్ళీ అదే. దివ్యసత్ప్రసాద రూపంలో ప్రభువు ఉండే మందసం ముందు ఎర్రదీపంలో నూనె ఒక్కనాడు కూడా తగ్గనివ్వలేదు. తాళాలగుత్తి కొంగుకే కట్టుకున్నాను. ఇంత ఇనుము మోస్తూ ఇన్నేళ్ళు ఎలా తిరిగారో గాని, నా నడుం మాత్రం ఒక పక్కకి ఒరిగిపోయింది. బల్లల కింద జనం ఏమేం వదిలి వెళతారో మీరెప్పుడూ చెప్పలేదు సుమా. మొన్న ఒక పళ్ళ సెట్టు దొరికింది. ఎవరిదని అడగడానికి సిగ్గేసి, పోయినవి దొరికించే పునీత అంతోనివారి పాదాల దగ్గర పెట్టాను. సాయంత్రానికి మాయమైంది. ఆదివారం పూజలో ఎవరు బాగా పాడతారా అని చూస్తూ కూర్చున్నాను.

తాళం సంగతి ఏమైందని అడిగారు. చర్చి సంఘం సమావేశం జరిగింది. ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు పోయిన ఇన్నాళ్ళకి, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, అందరూ ఒక్కసారే లేచారు. ఇప్పుడు తలుపుకి వేస్తున్న తాళం చాలదట. వరండా మొత్తానికి ఇనుప గ్రిల్లు పెట్టి, పూజ వేళల్లో తప్ప తీయకూడదట. మీ రిటైర్డు హెడ్మాస్టరు రూలుకర్రగారే గొంతు పెంచారు. "గుడి దేవుడిది కావొచ్చమ్మా, సామాను మాత్రం సంఘానిది" అన్నారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ ఊరుకోలేదు. "నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మీ పూజ అయిపోతుంది. నేనెప్పుడు రావాలి? దేవుడిక్కూడా ఓపీ టైములు పెడతారా?" అంది. ఫాదరుగారు ఎప్పటిలాగే పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు గడ్డం నిమురుకుంటూ కూర్చున్నారు.

ఆఖరికి తాళాలు నా దగ్గరున్నాయని నన్నడిగారు. మీరు ఏం చెప్పమన్నారో అదే చెప్పాను. "తాళం ఉండాల్సిందే. అప్పుడు సామాను పోతే ఊరంతా మా ఆయన వంక చూసింది. మళ్ళీ ఏదైనా పోతే ఆ మనిషి తట్టుకోలేడు" అన్నాను. నా మాటతోనే అది ఖాయమైంది. గ్రిల్లు పని మనవాడి వెల్డింగు షెడ్డుకే ఇచ్చారు. వాడి పేరెత్తగానే మీరు మొహం పక్కకి తిప్పుకుంటారని తెలుసు. మీ ఉత్తరంలో గుడి పావురాల గురించి కూడా అడిగారు, కొడుకు గురించి మాత్రం ఈసారీ అడగలేదు.

ఇక పొద్దుటి పూజ అయిపోయాక గంట మోగిందట, ఎవరు పోయారు అని అడిగారు. అంత దూరంలో ఉన్న మీ చెవిదాకా మోసినవాళ్ళెవరో గాని వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరూ పోలేదండీ. తాడు పాతబడిందేమో చూద్దామని నేనే లాగానని ఊళ్ళో చెప్పాను. వేళ కాని వేళ గంట మోగితే చావు కబురేనని తెలిసీ ఇదేం పని అని రూలుకర్రగారు అందరిముందూ చీవాట్లు పెట్టారు. పడ్డాను.

ఉండండి, ఏదో చప్పుడైంది. చూసి వస్తాను.

కుక్క. గడపలో పడుకుని నన్నే ఎగాదిగా చూస్తోంది.

అమ్మాయీ, ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదువు. మీ నాన్న లేచి పోబోతే చెయ్యి పట్టుకో. ఒంటికన్నుతో ఎంత దూరం పోతారులే.

గంట లాగింది నేను కాదు. తాళం వేసేముందు పీఠం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాలని, ఎవరైనా ఉన్నారా అని పిలిచి రెండు పక్కలా నడిచి చూడాలని మీరు నాకు నేర్పారు. ఆ రోజు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. ఆ తొందరలో ముందు గుమ్మంలోంచే లోపలికి ఒకసారి తొంగిచూసి, పక్క తలుపుకి, పెద్ద తలుపుకి తాళాలు వేసేసి ఇంటికొచ్చాను. పాలు దించుతుండగా గంట మోగింది. రెండుసార్లు, పెద్ద విరామం, మళ్ళీ ఒకసారి. ఆ విరామం అంత పెద్దగా ఉండకూడదని ఎవరిని తిట్టేవారు మీరు? చెయ్యందక స్టూలెక్కి తాడు లాగిన రోజుల నుంచీ తిడుతూనే ఉన్నారు కదా. పొయ్యి కూడా ఆపకుండా పరిగెత్తాను.

తలుపు తీసేసరికి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పని బట్టల్లో, చేతులకి మసితో. తన పాప పోయాక గుడి మొహం చూడని నా కొడుకు. ఏమన్నాడో తెలుసా?

"చప్పట్లు కొట్టలేదేంటమ్మా? నాన్నయితే కొట్టేవారు."

అర్థమైందా మీకు? నాకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. ఫాదరుగారు పాపాలు వినే పాపసంకీర్తనాల గది వెనక, ఆ స్తంభం చాటున కూర్చుంటాడట. మీ చప్పట్లు వినగానే పక్క తలుపులోంచి జారుకునేవాడట. స్టాండ్లు పోకముందు పగలంతా తెరిచే ఉండేది కాబట్టి మధ్యాహ్నం భోజనం వేళ వచ్చేవాడు. తాళాలు మొదలయ్యాక, పూజ అయి మనం ఊడ్చే ఆ కాస్త సేపట్లో వస్తున్నాడు. ఇన్నేళ్ళూ మీ చీపురుకి అందేంత దూరంలోనే ఉన్నాడండీ.

"దొంగలా ఎందుకురా? పూజకే రావచ్చుగా?" అన్నాను.

"పూజకొస్తే అందరూ నన్నే చూస్తారు. అయ్యో పాపం మొహం పెడతారు. నాకు పాడాలనీ లేదు, మోకరించాలనీ లేదు. ఊరికే కూర్చుంటా. కాసేపు పోట్లాడతా."

"ఎవరితో?"

ఎర్రదీపం వైపు చూపించాడు. "ఇంట్లో పోట్లాడితే నీ కోడలు ఏడుస్తుంది" అన్నాడు.

అంతలో జనం. చొక్కా గుండీలు పెట్టుకుంటూ రూలుకర్రగారు అందరికన్నా ముందు. వీణ్ణి మళ్ళీ స్తంభం చాటుకి నెట్టి, గుళ్ళో నిలబడి అంత అబద్ధమూ ఆడేశాను. ఆ శనివారమే ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నాను. "జపమాలలు ఏమీ వద్దమ్మా. మీ ఆయనకి నిజం రాయండి, అదే మీ ప్రాయశ్చిత్తం" అన్నారు. ఇన్నేళ్ళలో నాకు ఇంత కష్టమైన ప్రాయశ్చిత్తం ఎవరూ వేయలేదు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. ఆ రోజు నుంచీ మధ్యాహ్నాలు పక్క తలుపుకి తాళం వేయడం లేదు. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నది కూడా గుళ్ళోనే, ఆఖరి బల్ల మీద. ఏ గాలి కొట్టినా లేచి చూస్తున్నాను. ఏదైనా పోతే మీ పేరు మళ్ళీ బజారున పడుతుందని తెలుసు. మీరు అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న ఆ రోజులు నేను మరిచిపోలేదు. అందుకే తలుపు తీసి ఇంటికి పోలేను, వేసి పోవడానికి చేతులు రావడం లేదు. నిన్న నర్సమ్మ వచ్చి చెప్పులు విప్పి, ముందు బల్ల మీద తల వాల్చింది. ప్రార్థనో నిద్రో తెలియలేదు. లేపలేదు. దీపం వెలుగుతోందంటే యజమాని లోపల ఉన్నట్టని చిన్నపిల్లలకి చెప్పేది మీరే కదా. మనిషి ఇంట్లో ఉండగా బయట తాళం ఎవరు వేస్తారండీ?

మనవాడు వరండా కొలతలు తీసుకున్నాడు గాని ఇనుము ఇంకా కోయలేదు. "వరండాకి కాకుండా పీఠం ముందు పెడితే సామాను లోపల, మనుషులు బయట. దీపం కనిపిస్తుంది. రూలుకర్రగారికి కావలసింది కూడా సామానేగా" అన్నాడు. అయితే సంఘంలో చెప్పరా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నాన్నని అడుగు. దొంగతనం మాట పడింది ఆయన. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా. వరండాకే పెట్టమంటే వరండాకే పెడతా" అన్నాడు. తనని బయట ఉంచే గ్రిల్లు తన చేత్తోనే బిగిస్తాడట. అన్నంత పనీ చేస్తాడు. ఆ మొండితనం ఎవరి పోలికో మీరే చెప్పండి.

పాపని మట్టిలో పెట్టిన రోజు వాడు ఈ గుడి గడప తొక్కనన్నాడు. అయితే నా గడపా తొక్కొద్దని మీరన్నారు. రెండూ ఏడుస్తూ అన్న మాటలే. వాడు తన మాట ఎప్పుడో తప్పాడు. మీ మాట ఒక్కటే ఇంకా నిలబడి ఉంది.

పక్క తలుపు కిర్రుమంది. వాడే. నేను తలెత్తి చూడను, చూస్తే వెళ్ళిపోతాడు. లేచేదాకా చప్పట్లూ కొట్టను.

ఈసారి జవాబు నాకు వద్దండీ. వాడి షెడ్డుకి రాయండి. అమ్మాయి చేత రాయించకండి. వంకరటింకరగా ఉన్నా సరే, మీ చేత్తోనే. గ్రిల్లు ఎక్కడ పెట్టాలో ఆ ఒక్క ముక్క చాలు.

ఇట్లు,
మీ ఇంటిది, వాడి అమ్మ