కాళ్ళు చూసిన క్లారినెట్

పాయింట్-ఆ-పిట్ర్,
మంగళవారం

నాన్నా, నేను కులాసా. పడవలో పట్టుకున్న దగ్గు కూడా తగ్గింది.

"గొట్టానికి కళ్ళెక్కడివే? ఆడేవాళ్ళ కాళ్ళు డప్పుకే కనిపిస్తాయి" అని నా క్లారినెట్‌ను వెక్కిరించేవాడివి కదా, ఇది విను. ఆదివారం మధ్యాహ్నం మా జాజ్ కచేరీలో మన దీవి డప్పులు మూడూ పెట్టాం. చేపలమ్మే సిడోనీ అవ్వ ఉన్నట్టుండి వేదికెక్కి, లంగా అంచు పట్టుకుని నడిమి డప్పుకెదురుగా ఆడసాగింది. మా డప్పాయన బళ్ళో నేర్చినవాడు, స్వరాల కాగితం మీంచి కళ్ళెత్తి ఆమె అడుగులు చూడలేదు. అడుగుకి నడిమి డప్పు బదులివ్వకపోతే అది ఆమెకెంత అవమానమో నీకు చెప్పాలా! నేను కాగితం వదిలేసి, ఆమె మడమ పడ్డప్పుడల్లా క్లారినెట్‌తో బదులిచ్చాను. అవ్వ ఆగి చెమట తుడుచుకుంది. "ఎవరి పిల్లవే నువ్వు? డప్పు ఇంట్లో పుట్టకపోతే ఇలా రాదే!"

మరీ-గలాంత్ దీవిలో డప్పు వాయించే అమెదే కూతురినని మైకులోనే చెప్పాను. "అదీ సంగతి!" అని అవ్వ మళ్ళీ లంగా అంచు అందుకుంది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? కొత్త డప్పుకి మేకతోలు ఎండిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కర్రపెండలం రొట్టెలు పంపించు. చెల్లికి ముద్దులు.

వచ్చే నెల కచేరీకి నువ్వు రావాలి. నీకు టికెట్ కొనలేదు నాన్నా. వేదిక మీద నడిమి డప్పు దగ్గర పీట ఖాళీగా ఉంచమన్నాను.

నీ ఎలియెట్