ఎర్ర ఆశ్చర్యార్థకం

సోమవారం, ఉదయం 7.10
కారు కొని మూడో రోజు. పాతదే, కానీ మాకు కొత్తది! తాళం తిప్పగానే స్టీరింగు వెనక ఎర్ర లైటు. గుండ్రటి గీతలో ఒక ఆశ్చర్యార్థకం. బ్రేకు లైటట.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. రోజుకి వంద ఆశ్చర్యార్థకాలు కొట్టేస్తుంటాను. ఇదొక్కటీ నాకో లెక్కా!

తీర్మానం: మెకానిక్ గడప తొక్కను. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం చదివి తప్పు నేనే పట్టుకుంటాను.

మా ఆవిడ: "ఆ ఆశ్చర్యం పోయేదాకా నేను ఎక్కను. ఆదివారం అమ్మని ఆసుపత్రి నుంచి తీసుకురావాలి, గుర్తుందా?"

అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇంకా ఆరు రోజులున్నాయి. బోలెడు టైము!

సాయంత్రం 6.30
పుస్తకం 112వ పేజీ. లైటు వెలిగితే చూడవలసినవి: ఒకటి, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించారా? రెండు, బ్రేకు ఆయిలు తగ్గిందా? మూడు, మెకానిక్‌ని సంప్రదించండి.
మూడోది పెన్సిల్‌తో కొట్టేశాను. పనిలో పనిగా ఆ పేజీలో ఐదు అచ్చుతప్పులు దిద్దాను.

మంగళవారం
హ్యాండ్‌బ్రేకు నలభైసార్లు ఎత్తి దించాను. లైటు పోలేదు. భుజం పోయింది.

బుధవారం, 7.00
బానెట్ ఎత్తాను. బ్రేకు ఆయిలు డబ్బా దొరికింది. ఆయిలు కింది గీత కంటే కిందికి ఉంది. దొరికాడు దొంగ! కొత్త ఆయిలు తెచ్చి పోశాను. సగం డబ్బాలో, సగం చొక్కా మీద.

7.40
లైటు పోయింది!!!
(వరసగా మూడు పెట్టాను. ఎవరైనా దిద్దితే ఊరుకోను.)
మా ఆవిడ ఎక్కి కూర్చుంది. వీధి చివరిదాకా వెళ్లొచ్చాం. "పర్లేదే, మీకూ ఒక పనొచ్చు" అంది. పెళ్లయ్యాక విన్న పెద్ద మెప్పు ఇదే.

గురువారం
బ్రేకు నొక్కితే కీచుమంటోంది. కొత్త ఆయిలు కదా, అలవాటు పడాలి. రేడియో పెట్టాను. ఇప్పుడు వినపడటం లేదు.

శుక్రవారం, 8.20
మలుపు తిరిగినప్పుడల్లా లైటు వెలుగుతోంది. తిన్నగా వెళితే ఆరిపోతోంది. అంటే తప్పు కారుది కాదు, రోడ్డుది. ప్రెస్సుకి మలుపులు తక్కువున్న దారి కనిపెట్టాను. నలభై నిమిషాలు ఆలస్యం.

సాయంత్రం
దారంతా వెలుగుతూనే ఉంది. రేడియో ఎంత పెంచినా కీచు వినపడుతోంది. ప్రెస్సు నుంచి తెచ్చిన నల్ల టేపు చిన్న ముక్క కత్తిరించి లైటు మీద అంటించాను. తాత్కాలికంగానే. అయినా కొట్టేయడమంటే ఇంతేగా.

శనివారం, 9.00
రేపు వాళ్లమ్మ వస్తుందని మా ఆవిడ కారు తుడుస్తోంది.
"ఇదేంటండీ, ఇక్కడ టేపు?"
"దుమ్ము పడకుండా."
గోటితో పీకేసింది. తాళం తిప్పింది. ఎర్రగా వెలిగింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్క మాట కూడా తిట్టలేదు. "రేపు మా అమ్మ కూర్చునేది ఇందులోనే కదండీ?" అని లోపలికి వెళ్లిపోయింది.
సిగ్గుతో చచ్చిపోయాను.

11.30
మెకానిక్ చక్రం విప్పి, లోపలి బ్రేకు ప్యాడ్ తీసి నా చేతిలో పెట్టాడు. వేలి మందం ఉండాల్సింది, రేకులా ఉంది.
"ఆయిలు ఎవరు పోశారు సార్?"
"నేనే."
"ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిలు దిగుతుంది. అరిగిపోయాం మొర్రో అని లైటు చెబుతోంది. మీరేమో నాలుగు చుక్కలు పోసి దాని నోరు మూయించారు."
టేపు సంగతి చెప్పలేదు. ఇంకో రెండు రోజులు తిప్పి ఉంటే బ్రేకు పట్టేది కాదన్నాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో వాక్యం చదవకుండా గుర్తు కొట్టేయడం ఇదే మొదటిసారి.

ఆదివారం, 4.00
కొత్త ప్యాడ్లు. లైటు లేదు. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టాం. మా ఆవిడ వెనకాల ఎక్కింది. ఆసుపత్రి గేటు దాటామో లేదో, ఎర్ర ఆశ్చర్యార్థకం!
పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కకి ఆపేసి, "మెకానిక్‌కి ఫోన్ చెయ్యి! ఇప్పుడే చెయ్యి!" అని అరిచాను.
అత్తగారు మాత్రం నిదానంగా, "అల్లుడుగారూ, ఇందాక కాలు సర్దుకోడానికి ఈ కర్ర పట్టుకున్నాను. కాస్త పైకొచ్చినట్టుంది. ఫర్వాలేదా?" అన్నారు.
హ్యాండ్‌బ్రేకు దించాను. లైటు ఆరిపోయింది.
112వ పేజీ, ఒకటో అంశం.
ఇల్లు చేరేదాకా మా ఆవిడ వెనక సీట్లో పడీ పడీ నవ్వుతూనే ఉంది. నవ్వనీ. కారెక్కి నవ్వుతోంది, అదే పదివేలు.

సోమవారం, 7.10
కొత్త లైటు. ఈసారి పసుపుది, ఇంజను బొమ్మ. టేపు ప్రెస్సులో తిరిగిచ్చేస్తాను.
తీర్మానం: మెకానిక్ గడప తొక్కను. ఈ తప్పు నేనే పట్టుకుంటాను!
ముందు అత్తగారిని అడిగి.