అంతా పైకొచ్చినారు

బద్వేలు,
శుక్రవారం మధ్యాహ్నం.

కోపంగా ఉన్నా ముద్దుగానే పిలుస్తున్నాను, శిరీన్ తల్లీ,

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని విసుక్కోకు. ఫోన్లో అయితే రెండు మాటలు వినేలోగా "సిగ్నల్ లేదు జేజీ" అంటావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు.

రెండు వారాల కిందట కర్నూలు నుంచి వచ్చినప్పుడు నీ వీఆర్ హెడ్‌సెట్‌ను నా బీరువా మీద పెట్టి, "చెడిపోయింది, ఈడనే ఉండనీ జేజీ" అన్నావు. బతుకంతా బడిపిల్లలకు సైన్సు చెప్పి, వాళ్ల అబద్ధాలు విన్నదాన్ని. చెడిపోయిన వస్తువును ఎవరూ దుప్పటిలో అంత మెత్తగా చుట్టిపెట్టరు. నువ్వు వెళ్లాక ఛార్జింగ్ పెట్టాను. శుభ్రంగా వెలిగింది. అప్పుడు నీతో పనిచేసే భూపేష్‌కు ఫోన్ చేసి నిజం రాబట్టాను. మీరిద్దరూ గది అద్దెకు తీసుకుని తయారుచేసిన గని ఆటలోకి ఎవరు దిగినా, మొదటి మలుపు దాటకముందే కడుపులో తిప్పి, హెడ్‌సెట్ తీసేస్తున్నారట. నెలాఖరున బెంగళూరు కంపెనీవాళ్లు చూడ్డానికి వస్తున్నారట. నువ్వేమో నీకు చేతకాదని తేల్చేసి, ఆట ఆపేసి, బ్యాంకు పరీక్షల కోచింగులో చేరతానన్నావట. "తప్పు యాడుండాదో ఆమెకు తెలుసు జేజీ, అడిగితే చెప్పదు" అన్నాడు. నువ్వు చెప్పకపోతే నేనే వెతుక్కుంటానని ఆ పెట్టెను కళ్లకు కట్టుకున్నాను.

మొదటిరోజు నా తెలివి చెప్పుకుంటే సిగ్గు. ఘాట్ రోడ్డు బస్సు ఎక్కినట్టు ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని, ఖాళీ కడుపుతో, నేరుగా తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటలోకి దిగాను. ఎవరిని కాల్చాలో తెలిసేలోగా నేనే మంచం మీద పడ్డాను. పక్కింటి శివజ్యోతి గుమ్మంలో నిలబడి, "ఏం టీచరమ్మా, గోడతో కొట్లాడతాండావు? ఆస్తి పంపకాలా?" అంది. "కాదు, నిన్న నువ్వు పంపిన వంకాయ కూర గుర్తొచ్చింది" అన్నాను. అయినా పాపం, అల్లం టీ పెట్టుకొచ్చింది.

మంచం మీద పడుకుని ఆలోచించాను. బస్సులో ఒళ్లు కదులుతుంది, కళ్లు మాత్రం ముందు సీటునే చూస్తూ కదల్లేదంటాయి. ఇక్కడ తలకిందులు. కళ్లు పరుగెత్తుతున్నామంటాయి, చెవి లోపలి నీళ్లు నిలబడే ఉన్నామంటాయి. రెండు సాక్ష్యాలు కలవకపోతే కడుపు తీర్పు చెబుతుంది. నా నిమ్మకాయ ఏ సాక్షినీ మార్చలేదు.

ఆ తర్వాత చిన్నపిల్లకు నడక నేర్పినట్టు నాకు నేనే నేర్పుకున్నాను. ముందు నిలబడిన చోటే ఉండి బంతులు కొట్టే ఆటలు. అవి అలవాటయ్యాక, వేలు చూపిన చోటికి ఒక్కసారిగా చేరుకునే ఆటలు. జారుతున్నట్టు నడవడం అన్నిటికన్నా చివర. పక్కకు తిరగాలంటే గిర్రున కాదు, గడియారం ముల్లులా ఒక్కో మెట్టు తిరగడం. కాళ్ల కింద చాప వేసుకున్నాను, చెప్పులు లేకుండా. చాప అంచు తగిలితే గది ఎక్కడుందో పాదానికి తెలుస్తుంది. ఎదురుగా టేబుల్ ఫ్యాన్. గాలి వచ్చేవైపే ముందని చర్మానికి తెలుస్తుంది. అద్దాలు నా కళ్ల దూరానికి సరిపోయేలా జరుపుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైనది, నోట్లో నీళ్లూరినా మెడ మీద చెమట పట్టినా ఆ క్షణమే తీసేయడం. ఓర్చుకుంటే అలవాటవుతుందనుకునేవాడు మరునాడు హెడ్‌సెట్‌ను చూస్తేనే కక్కుకుంటాడు. శివజ్యోతి నా భుజం పట్టుకుని, "గోడొచ్చె, గోడొచ్చె" అని అరిచేది. ఇప్పుడు ఏ ఆటలోనైనా తిరిగొస్తున్నాను.

నిన్న పొద్దున నీ ఆటలోకి దిగాను.

మంగంపేట ముగ్గురాయి గని. ఆ తెల్లటి దుమ్ము, మెట్లు మెట్లుగా కిందికి దిగే తవ్వకం, చేతిలో ఎర్రజెండా. పేలుడుకు ముందు గనంతా తిరిగి, ఎవరూ మిగల్లేదని చూసి పైకి రావాలి. మీ నాయన పని. ఎంత బాగా చేశావే! రెండడుగులు వేశానో లేదో, లోకం ఎడమకు కుంగింది, కుడికి లేచింది, క్షణం ఆగింది. మళ్లీ కుంగింది. మెడ మీద చెమట పట్టింది. తీసేయాలి. తీయలేదు. నా నియమం నేనే తప్పాను.

ఆ నడక నాకు తెలుసు, శిరీన్. ఏడేళ్ల వయసులో మిద్దె మీంచి పడి ఇమామ్ ఎడమకాలు పొట్టిదైనప్పటి నుంచి, వీధి మలుపులో చెప్పుల చప్పుడు వింటేనే నా కొడుకు వస్తున్నాడని పొయ్యి మీద పెనం పెట్టేదాన్ని. నాలుగేళ్ల కిందట గుండె ఆగి వాడు పోయాక ఆ చప్పుడు మళ్లీ వినలేదు. గనిలో వాడు నడుస్తున్న వీడియో నీ ఫోన్లో ఉందని నాకు తెలుసు. దాన్ని చూసి ఆ ఊపును తెచ్చి, ఆడేవాళ్ల తలలో పెట్టావు, వాళ్ల చూపే వాడి నడకలా ఊగేలా. అందుకే అందరికీ తిప్పుతోంది. అందుకే భూపేష్‌కు చెప్పలేదు. చెబితే తీసేయమంటాడని.

నేనూ తీసేయమనే అంటాను. కోపం తెచ్చుకోకుండా కారణం విను. ఇమామ్ తన కుంటును ఎప్పుడూ చూడలేదమ్మా. వాడి కళ్లకు దారి తిన్నగానే ఉండేది. ఎవరి నడక వాళ్లకు ఊగదు. ఆ ఊపు చూసింది మనం, వెనకనుంచి. నువ్వు నాయనను పెట్టాల్సిన చోట పెట్టలేదు. ఆడేవాళ్ల తలలోంచి తీసి, వాళ్ల ముందు పెట్టు. జెండా వాడి చేతికివ్వు. చూపు ఆనడానికి ముందొక మనిషి ఉంటే కడుపు కూడా కుదురుగా ఉంటుంది.

కోచింగు ఎక్కడికీ పోదు. ముందు ఇది చెయ్.

నీ జేజి,
అబీదా బీ

*

బద్వేలు,
ఆదివారం.

నన్ను ఏడిపించి తను ఏడ్చిన పిల్లకు,

నా ఉత్తరం అందినరోజు ఫోన్లో, "అది తీసేస్తే నాయన ఉండడు జేజీ, ఆ నడకొకటే నాకు మిగిలింది" అని పెట్టేశావు. వారమంతా నీ గొంతు వినలేదు. పెద్దదాన్నైపోయి నోరు అదుపు తప్పిందేమో, నా సైన్సుతో నీ పుండు గెలికానేమో అనుకున్నాను. ఇంతలో నిన్న భూపేష్ వచ్చి, కొత్త ఆటను హెడ్‌సెట్‌లోకి ఎక్కించి, చాప తనే పరిచాడు. "శిరీన్ చూడమన్నాది" అన్నాడు, అంతే.

దిగాను. లోకం ఊగలేదు. ముందర ఇమామ్ నడుస్తున్నాడు.

ముఖం పెట్టలేదు నువ్వు. మంచిపని చేశావు. ముఖం నువ్వూ నేనూ ఒకేలా గుర్తుపెట్టుకోం. వీపు, జెండా, ఎడమకు కుంగే ఆ భుజం చాలు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి లోపలికి చూసి, "యారన్నా ఉండారాప్పా?" అని కేకేశాడు. ఆ గొంతు భూపేష్‌దని తెలుసు, అయినా పలకబోయాను. నేను వెనకబడితే ఆగాడు. బతికుండగా కూడా అంతే, తను కుంటుతూ నాకోసం ఆగేవాడు. చెమట పట్టలేదు. నోట్లో నీళ్లూరలేదు. కళ్లలో ఊరాయి. అద్దాలు మసకబారాయి. దానికి మందు నా దగ్గర లేదు.

బెంగళూరువాళ్లు మొన్ననే వచ్చి, ఆటలో చివరిదాకా నడిచి, "ముందు పోతున్నాయన ఎవరు?" అని అడిగారని భూపేష్ చెప్పాడు. మా నాయన అని నువ్వే చెప్పావట. ఆ మాట బయటికి అనగలిగావు, నాకదే చాలు. వాళ్లు తీసుకుంటారో లేదో వాళ్లిష్టం. నువ్వు ఆపకు.

ఇమామ్ ఇంటికి రాగానే, చెప్పులు విడవకముందే, "అంతా పైకొచ్చినారు మా" అనేవాడు. గనిలో ఎవరూ మిగల్లేదని నాకు చెబితేగాని వాడికి అన్నం దిగేది కాదు. నీ ఆటలో కూడా చివర, దారి పైకెక్కాక, వాడు జెండా చుట్టి ఆ మాటే అంటాడు. హెడ్‌సెట్ తీశాను. నా గది, నా ఫ్యాను, గుమ్మంలో శివజ్యోతి.

నేనూ పైకొచ్చినాను, తల్లీ. నువ్వూ రా.

నీ జేజి,
అబీదా బీ