గుడ్లసంచి పట్టుకున్న సాలెపురుగు

జహీరాబాద్
18-8-1979

నాయినకు గిరిజ దండాలు. నేను క్షేమమే. ఇక్కడ సాలెపురుగు కరిచి మనిషి పోయిందన్న మాట మీదాకా వచ్చి ఉంటుంది, నమ్మకండి.

మొన్న పొద్దున మా ఇంటి ఓనరు రత్నమ్మ కోడలు సువర్ణ చాప మీది నుంచి లేవలేకపోయింది. కాలికి చిన్న గాటు ఉంది, కనురెప్పలు వాలిపోతున్నాయి. గోడ మీద అరచేతంత సాలెపురుగు కనబడింది. "గిదే కరిచింది, పసరు పోసే వీరన్నను పిలుస్త" అన్నది రత్నమ్మ. కాలేజీలో నేను సీసాలో చూపించి పాఠం చెప్పే ఆఫ్రికా సాలెపురుగుదీ దీనిదీ ఒకటే కుటుంబం, జాతి వేరు. గూడు అల్లవు, ఎండ్రకాయలా పక్కకు పరుగెత్తుతాయి. దగ్గరికి వెళ్లి చూస్తే, అది తెల్లని బిళ్లలాంటి గుడ్లసంచిని కోరలతో పొట్టకిందికి అదిమి పట్టుకొని ఉంది.

"నోట్ల గుడ్లసంచి పెట్టుకొని ఎట్ల కరుస్తదమ్మా? జర చాప ఎత్తుండ్రి" అన్నాను.

చాప కింద కట్లపాము! రెప్పలు అట్లా వాలిపోయేది దాని విషానికే. వెంటనే జీపులో దవాఖానకు తీసుకుపోయాం. నిన్న సువర్ణ కళ్లు తెరిచి నీళ్లడిగింది.

నాకే స్థిమితం లేదు. కూర్చుంటే లేస్తున్నాను, దులిపిన పక్కబట్టలే మళ్లీ దులుపుతున్నాను. నా నవారు మంచం బస్సు మీద వేసి తమ్ముడితో పంపండి. జొన్నలు పోసిన అర్రలో గోడకున్న బొక్క పూడ్చారా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా?

అవ్వకు నా మొక్కులు చెప్పండి. నేల మీదే నిద్ర పడుతుందని ఎంత మొండికేసినా సరే, ఈ కార్డు అందిన రోజే ఆమెను మంచం ఎక్కించండి.

మీ బిడ్డ
గిరిజ