నేలకింది దారి

గుండ్లవాగు స్టేషన్, ఆలేరు దగ్గర
1948 అక్టోబరు 3

తల్లి తర్వాత తల్లివైన అక్క ఈదమ్మకు తమ్ముడు బాలస్వామి శనార్థులు. ఇక్కడ ప్రాణాలతో ఉన్నాను. నల్గొండలో నువ్వు క్షేమమని తలుస్తాను. నువ్వు రాయించిన ఉత్తరం అందింది.

ఈ చేతిరాత నాది కాదు. నా కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. నేను చెబుతుంటే, స్టేషన్‌లో దీపాలు వెలిగించే తాజుద్దీన్ కూతురు తాహేరా రాస్తోంది. మిషన్ బడిలో తెలుగు నేర్చుకున్న పిల్ల.

మొన్న వేసవిలో రజాకార్లు బావను వాకిట్లోనే కాల్చేస్తే ఆయన నెత్తురు నువ్వు కొంగుతో తుడిచావు. అది నేను మరవలేదు. అందుకే ఈ సంగతి విని నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

మిలిటరీ వచ్చి నైజాం లొంగిపోయిన కొద్దిరోజులకు ఒక గుంపు గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని స్టేషన్ మీద పడింది. రజాకార్లు అప్పటికే పారిపోయారు. ఇక్కడ దొరికింది కూలి చేసుకు బతికే సాయిబులే. తాజుద్దీన్ నిచ్చెనెక్కి దీపం తుడుస్తున్నాడు. నిచ్చెన లాగేశారు. కిందపడి, “నేను రజాకార్ను కాదు బిడ్డా, దీపాలోణ్ని” అన్నాడు. తల మీద గొడ్డలి దిగింది. నూనె, నెత్తురు కలిసి పట్టాల మీదికి కారాయి.

ఆయన భార్య అజీజా బేగంను, తాహేరాను, ఇంకో ఇద్దరు ఆడవాళ్లను పట్టాల కింది నడకదారిలోకి దింపాను. బజారు వైపు నుంచి రెండో ప్లాట్‌ఫారానికి నేల కింద కట్టిన దారి అది. బజారు వైపు తలుపు బిగించి, రెండో వైపు మెట్ల దగ్గర నేను అడ్డంగా నిలబడ్డాను. పట్టపగలే అక్కడ మనిషికి మనిషి కనపడడు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. “జరుగురా” అన్నాడొకడు. నేను జరగక చెయ్యి అడ్డం పెట్టాను. గొడ్డలి దాని మీదే పడింది. కొట్టిందెవరో చీకట్లో కనబడలేదు. నా అరుపుకు ఏమనుకున్నారో, అందరూ వెనక్కి తిరిగారు.

అంజన్న ఇల్లు విడిచి ఎటు పోయాడని అడిగావు. నీ కొడుకు నా దగ్గరే ఉన్నాడు. నాకు సాయంగా కొన్నాళ్లుండి వస్తాడు. ఫికర్ చెయ్యకు.

ఇట్లు
నీ తమ్ముడు
బాలస్వామి

తా.క. అమ్మా, ఇది తాహేరా మాట. బాలస్వామి చాచా నిద్రపోయాక రాస్తున్నాను. ఆయన చెప్పిందంతా నిజం, ఒక్కటి తప్ప. సరిగ్గా గొడ్డలి పడేటప్పుడు గుంపులో ఒకడు కాగడా పైకెత్తాడు. కొట్టినవాణ్ని ఆయన చూశాడు. వెనకాలున్న నేనూ చూశాను. మీ అంజన్న.

ఆ అరుపుతో గొంతు గుర్తుపట్టి, “మామా, నువ్వా” అని గొడ్డలి వదిలేశాడు. తనవాళ్లను తనే వెనక్కి నెట్టాడు. అప్పటినుంచి చాచా ఇంటి వాకిట్లోనే ఉంటున్నాడు. మామకు అన్నం కలిపి ముద్దలు పెడతాడు, తను సరిగా తినడు. మా అబ్బాను నరికింది కూడా అతనేనా అని నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

మాకు వేరే నీడ లేదు. చాచా ఇంట్లోనే ఉంటున్నాం. అతను వాకిట్లో ఉన్నంతసేపూ మా అమ్మ మంచినీళ్లకు కూడా గది దాటి రావడం లేదు. మీరు వచ్చి అతన్ని తీసుకుపోండి.