తుమ్మల మడుగుకి ఒక పొట్టి కర్ర

25 సెప్టెంబర్ 2011, ఆదివారం

సాయికుమార్ నా గాలంకర్ర విరిచేశాడు. అందరి ముందూ. ఇది ఎక్కడో ఒకచోట రాయకపోతే ఉండలేను.

పొద్దున ఎల్‌బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ సమ్మెవాళ్ల రాస్తారోకో. తెలిసే బయల్దేరాను, పక్క సందులోంచి నాదర్‌గుల్ వాగు వైపు జారుకోవచ్చని. స్కూటర్ మీద రాడ్ బ్యాగు. కుర్రాళ్లు ఆపారు. ఎక్కడికన్నారు. చేపలకన్నాను. నా కోస్తా యాస విని నవ్వారు. వాళ్ల వెనక సాయి కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది. పక్కింటివాడు, ఆర్టీసీ డ్రైవరు, ఏళ్ల తరబడి ఆదివారాలు నాతో వాగు ఒడ్డున కూర్చున్నవాడు. వాడొక్క మాట చెబితే వదిలేస్తారు.

వాడు నేరుగా వచ్చి బ్యాగు లాక్కున్నాడు. జిప్ తీశాడు. గాలంకర్ర రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని మోకాలికేసి విరిచాడు. "పో సారూ, ఇగ పో" అన్నాడు. ఎవరో ఈల వేశారు.

నేను పోయాను. అదే ఎక్కువ మండుతోంది.

27 సెప్టెంబర్, మంగళవారం

కాలేజీ లేదు. సమ్మె అయ్యేదాకా నేను చెప్పే ఫిజిక్స్ ఎవరికీ అక్కర్లేదు.

సాయి భార్య గీత గోడ దగ్గరికొచ్చి నా భార్య అమలతో అందట: "మా ఆయన గట్ల చెయ్యకుంటే స్కూటర్ కాలబెట్టేటోళ్లు అక్కా." అమల నమ్మేసింది. "చూశారా, మీ మంచికే చేశాడండీ" అంది.

నేను నమ్మను. విరిచేటప్పుడు వాడి మొహం చూశాను.

28 సెప్టెంబర్, బుధవారం

ఎక్కడ కొడితే వాడికి నొప్పి పుడుతుందో తెలిసింది.

నాదర్‌గుల్ దాటాక వాగు మలుపులో తుమ్మచెట్ల కింద చిన్న మడుగు. అక్కడ కొర్రమీను జంట ఒకటి పిల్లలు పెట్టింది. సాయి భాషలో కొర్రమట్టలు. పిల్లలు ఎర్రగా, గుంపుగా పైకి తేలి గాలి పీల్చి మునుగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా. దగ్గరికి ఏదొచ్చినా కరుస్తాయి, ఆకలికి కాదు, కోపంతో. పిల్లలు చెదిరేదాకా అక్కడ గాలం వేయొద్దని సాయి నా దగ్గర మాట తీసుకున్నాడు. డ్యూటీ దిగాక ఒక్కడే వెళ్లి చూసొచ్చేవాడు. ఫోన్ చేసి మరీ చెప్పేవాడు, ఇయాల జర పెద్దగైనయ్ సారూ అని.

ఆ కాపలా చేపని పట్టుకొస్తాను.

పొడుగు కర్ర అక్కడ తిరగదు, అన్నీ కొమ్మలు. పొట్టిది కావాలి. పుల్లలా తేలిగ్గా, మణికట్టుతో విసిరేది. అలాంటిది షాపుల్లో ఎప్పుడూ చూడలేదు. నేనే కడతాను.

30 సెప్టెంబర్, శుక్రవారం

విరిగిన ముక్కలు మంచం కింద నుంచి తీశాను. కింది ముక్క పనికిరాదు. పై ముక్కలో జానెడు పోయింది, మిగతా కార్బన్ గొట్టం బాగుంది. విరిగిన చోట నారలు లేచి వేలికి గుచ్చుకున్నాయి. హ్యాక్సాతో కోసి ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో షాపులు మూసే ఉన్నాయి. ఒకాయన షట్టర్ సగం దించి కూర్చున్నాడు. వంగి అడిగితే ఆరల్‌డైట్ జిగురు ఇచ్చాడు.

పిడికి నా పాత షటిల్ రాకెట్. తల కోసి పారేశాను. కాస్త రుద్దితే దాని షాఫ్టు కర్ర లోపలికి దిగింది. ఆరల్‌డైట్ పెట్టి ఎండలో నిలబెట్టాను.

2 అక్టోబర్, ఆదివారం

మొదలు నేలకానించి, కొసను అరచేత్తో నొక్కి వంచి దొర్లిస్తే, కర్ర ఒకచోట టక్కున తనంతట తనే తిరుగుతుంది. అదే దాని వెన్ను. గాలం దారం పోయే రింగులు ఆ గీత మీదే కూర్చోవాలి. లేకపోతే విసిరినప్పుడు మెలి తిరుగుతుంది.

పాత రింగులే వాడాను. అమల కుట్టుపెట్టెలోంచి ఎర్ర సిల్కు దారం తీసుకున్నాను. బిగించి చుడుతూ ప్రతి చుట్టుకీ లోపల అనుకున్నాను: పో సారూ, ఇగ పో. చాలా నీట్‌గా వచ్చింది.

4 అక్టోబర్, మంగళవారం

దారం మీద నెయిల్ పాలిష్ పూతలు. అమల సీసా ఖాళీ. దేనికండీ అంది. చేపలకి అన్నాను.

రీలు బిగించి డాబా మీద విసిరి చూశాను. బరువుకి నట్టు కట్టిన దారం నీళ్ల ట్యాంకు కిందుగా పోయి, గురి పెట్టిన పూలకుండీలో పడింది. ఇంత అందమైన వస్తువు నా చేత్తో ఎప్పుడూ చేయలేదు. ప్రేమతో అయితే ఇంత ఓపిక ఉండేది కాదు.

6 అక్టోబర్, గురువారం

దసరా. సాయి జమ్మి ఆకు చేతిలో పెట్టి కావలించుకుందామని గేటు దాకా వచ్చాడు. నేను తలుపు తీయలేదు.

9 అక్టోబర్, ఆదివారం

పట్టాను.

గట్టు మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. కొమ్మల కింది నుంచి రబ్బరు కప్ప ఎరని విసిరాను. ఎర్ర గుంపు అంచున పడింది. పిల్లలు చటుక్కున మునిగాయి. మరుక్షణం నీళ్లు పగిలాయి. కర్ర పిడి దాకా వంగింది. అతుకు ఊడలేదు. దారం తెగలేదు. చేప చాలాసేపు లాగింది, వేర్ల కిందికి దూరబోయింది, దూరనివ్వలేదు. గడ్డిలో పడ్డాక కూడా నోరు తెరిచి నా వైపే చూస్తోంది.

నా అంత సంతోషంగా ఎవరూ లేరు ఆ నిమిషం.

మధ్యాహ్నం అమల చింతపండు పోసి పులుసు పెట్టింది. గిన్నెడు నేనే తీసుకెళ్లి గీత చేతికిచ్చాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కలిసిపోయామనుకుంది.

11 అక్టోబర్, మంగళవారం

సాయి గిన్నె కడిగి తెచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కాడు. "పులుసు మస్తుండె సారూ" అన్నాడు. ఏ చేపో తెలుసా అన్నాను. ఎన్నిసార్లు చెప్పుకుని చూసుకున్నానో ఈ మాట.

"ఎరుకే. నిన్న పొద్దుగాల మడుగు కాడికి పోయిన" అన్నాడు.

అరవలేదు. నాకు అరుపు కావాలి. అందుకని అడిగాను: ఆ రోజు నన్ను కాపాడ్డానికే విరిచావటగా?

"కాదు. కోపమొచ్చే ఇరిచిన. గీతది ఉత్తముచ్చట. మేం జీతాల్లేక రోడ్డు మీద కూసుంటే నువ్వు చేపలకు పోతుంటివి. పక్కింట్ల ఉండి, ఎట్లున్నవ్‌రా సాయీ అని ఒక్కపారి అడగకపోతివి."

గిన్నె అందుకున్నాను.

వాడు మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "జంటల రెండోది కండ్లబడ్డదా?" అన్నాడు.

12 అక్టోబర్, బుధవారం

కనబడలేదు. పొద్దుటి నుంచి మడుగు దగ్గరే చూశాను. పిల్లలు పైకొస్తున్నాయి, గాలి పీల్చి మునుగుతున్నాయి, అదే చోట. కింద ఏ నీడా కదల్లేదు. ఒడ్డున కొంగలు వరసగా నిలబడి తింటున్నాయి. గుంపు సగమైంది.

మట్టిపెళ్లలు విసిరాను. లేచి మళ్లీ వాలాయి.

16 అక్టోబర్, ఆదివారం

ఆర్టీసీ సమ్మె ఆగిందట. రేపటి నుంచి సాయికి డ్యూటీ.

మడుగుకి ఈ ఒడ్డున నేను. ఆ ఒడ్డున వాడు. నేను క్షమించలేదు, వాడూ క్షమించలేదు. కొంగ మళ్లీ వాలింది. మట్టిపెళ్లలు అందుకుని ఇద్దరం ఒకేసారి లేచాం.