స్నానాలగది గడియ

సంతోష్,

స్నానాలగది గడియ నేనే ఊడదీయించాను, వెతకకు. గోరువెచ్చని నీళ్లతోనే స్నానం చేయి, అదీ పనికొచ్చిన యాదవ్వ వాకిట్లో ఉన్నప్పుడే. డాక్టరిచ్చిన మాత్ర అన్నం తిన్నాక వేసుకో. ఒంట్లో బాగానే ఉందని మానేయకు.

నీ గదిలో మిగిలిన కల్లు సీసా తీసుకుని జగిత్యాల కలెక్టరాఫీసుకు వెళ్తున్నాను. అందులో మత్తుమందు కలిపినవాడికి శిక్ష పడాలి. సీసాను పరీక్షకు పంపేదాకా ఆ మెట్లు దిగను.

ఆంజనేయస్వామి మాల వేసుకుని ఒక్కరోజులో కల్లు మానేయాలని పట్టుబట్టింది నేనే. కల్తీ కల్లు అలా ఆపితే ఫిట్స్ వస్తాయని నాకు తెలియదు. మూడోనాడు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి వెళ్లి నువ్వు లోపల పడిపోయావు. తలుపు పగలగొట్టేదాకా బయట నిలబడి పిలుస్తూనే ఉన్నాను. నువ్వు పలకలేదు.

నిన్న యాదవ్వ నీ మెడ చూసి, "దొర మాల తీసేసిండేంది దొరసానీ, మళ్ల తాగిండా?" అని అడిగింది. "తాగలే, దవఖానల నేనే తీయించిన" అన్నాను. ఎవరడిగినా అదే చెప్తాను.

"జర జర తగ్గించుకుంట మానేస్త సార్" అని డాక్టరుతో నీ అంతట నువ్వే అన్నావు. మాత్రలు వేసుకుంటూ ఆ దారినే పో. ఈసారి నేను తొందరపెట్టను.

అమ్మ

సాయంత్రం గుమ్మంలోంచే పిలుస్తాను. నా మీద ఎంత కోపమున్నా సరే, మొదటి పిలుపుకే పలుకు.